ఖరగ్‌పూర్ నుంచి 42 కిలోమీటర్లు: డ్యూటీ చేసుకుంటూ మహానగర మారథాన్ పరుగెత్తాలంటే

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫామ్ ఉంది. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫామ్‌గా పేరు దానిదే. ఈ చివర నుంచి ఆ చివరకు 39 సార్లు నడిచి, ఇంకో మూడో వంతు కలిపితే ఒక మారథాన్. ఊళ్లో పుట్టి పెరిగినవారికి ఈ లెక్క చెబితే దూరం ఎంతో వెంటనే తెలుస్తుంది. అది ఒంటికి ఏం చేస్తుందో మాత్రం తెలియదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికి వచ్చి, వర్క్‌షాపులోనూ యార్డులోనూ లైను మీదా పనిచేసి, రెండు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడీ ఊళ్లో పొద్దున్నే పరుగుకు బయలుదేరేవాళ్లలో ఐఐటీ విద్యార్థులే కాదు, నలభై దాటిన రైల్వే ఉద్యోగులూ ఉంటారు. ఐదు, పది కిలోమీటర్లు అలవాటైన మనిషికి ఎప్పుడో ఒకప్పుడు పెద్ద నగరంలో మారథాన్ చేయాలనిపిస్తుంది. ఎవరికి అది సాధ్యం, ఏ పరుగు ఎంచుకోవాలి, ఎన్నాళ్ల సాధన కావాలి, ఎక్కడ ప్రాణానికి ముప్పు అన్న ప్రశ్నలకు జవాబులు ఇవి. అన్నిటి వెనుకా ఒకే మాట ఉంది: ఔత్సాహిక రన్నర్‌కు కొరత పడేది కాళ్ల బలం కాదు, నిద్ర.

అసలు మారథాన్ అంటే ఎంత?

పది కిలోమీటర్ల పరుగును కూడా చాలామంది మారథాన్ అనేస్తారు. అది సరికాదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన 26 మైళ్ల 385 గజాల దూరాన్నే 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య ప్రామాణికంగా స్థిరపరిచింది. అందులో సగం, అంటే 21.0975 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్.

సామాన్యులు వేల సంఖ్యలో నగర వీధుల్లో పరుగెత్తడం కొత్త సంగతే. 1970లో మొదటి న్యూయార్క్ మారథాన్‌కు సెంట్రల్ పార్కులో బరిలో నిలిచింది 127 మంది. ఆ పరుగు 1976లో నగరం మొత్తం మీదికి విస్తరించాక ప్రపంచమంతా అదే బాట పట్టింది. మన దేశంలో ఆ మలుపు 2004లో మొదలైన ముంబై మారథాన్‌తో వచ్చింది.

ఔత్సాహికులు మొదట చూడాల్సింది గెలుపు సమయం కాదు, గడువు. పెద్ద నగరాల్లో రోడ్లను మళ్లీ వాహనాలకు వదలాలి కాబట్టి సాధారణంగా ఆరు నుంచి ఏడు గంటల్లో పరుగు ముగించాలంటారు. ఏడు గంటలంటే సగటున కిలోమీటరుకు 9 నిమిషాల 57 సెకన్లు, ఆరు గంటలంటే 8 నిమిషాల 32 సెకన్లు, ఐదు గంటలంటే దాదాపు 7 నిమిషాల 6 సెకన్లు. పది కిలోమీటర్లు గంటా పది నిమిషాల్లో అలవోకగా పరుగెత్తేవారికి ఐదు గంటలు సులువనిపిస్తుంది. కానీ ఆ వేగం 42 దాకా నిలవదు. పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు ఇచ్చిన సూత్రం ప్రకారం, 25 కిలోమీటర్లను శక్తంతా పెట్టి పరుగెత్తిన సమయాన్ని సుమారు 1.74తో గుణిస్తే మారథాన్ అంచనా వస్తుంది. 25 కిలోమీటర్లకు మూడు గంటలు పట్టినవారికి అది 5 గంటల 13 నిమిషాలు. అదీ సాధన బాగా సాగితేనే. వారానికి ముప్పై కిలోమీటర్లయినా పరుగెత్తనివారు దానికి మరింత సమయం కలుపుకోవాలి.

ఏ నగరం?

ఖరగ్‌పూర్‌కు దగ్గరి మహానగరం కోల్‌కతా. హావ్‌డా సుమారు 115 కిలోమీటర్లు. అక్కడి అతి పెద్ద పరుగు మారథాన్ కాదు, 25 కిలోమీటర్లది. 2014లో మొదలై, ఇప్పుడు టాటా స్టీల్ పేరుతో డిసెంబరులో జరుగుతోంది. పూర్తి మారథాన్‌కు ముంబై సరైన గమ్యం. అది జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. ఈ రెండిటి మధ్యా నాలుగైదు వారాలుంటాయి. కోల్‌కతాను రిహార్సల్‌గా, ముంబైని అసలు పరీక్షగా పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి అమరిక దొరకదు.

తెలుగు రాష్ట్రాల్లో పరుగెత్తాలని అనిపించడం సహజం. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. గాలిలో తేమ ఉంటుంది, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు ఉంటాయి. పైగా దానికి సాధన చేయాల్సింది ఏప్రిల్ నుంచి జూలై దాకా, అంటే ఖరగ్‌పూర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లోనూ ఆ తర్వాతి ఉక్కపోతలోనూ. మొదటిసారికి అది మంచి ఎంపిక కాదు. విశాఖలో సాగర తీరాన జరిగే నేవీ మారథాన్ చలికాలం మొదట్లో వస్తుంది, బంధువుల ఇల్లు ఉన్నవారికి బస ఖర్చు ఉండదు. కానీ సముద్రపు గాలి తేమను లెక్కలో ఉంచుకోవాలి.

ముంబైకి మరో సౌలభ్యం ఉంది. పరుగు మొదలయ్యేది ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ దగ్గర. హావ్‌డా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లే గీతాంజలి ఎక్స్‌ప్రెస్ ఆగేది ఆ స్టేషన్‌లోనే. మన ప్లాట్‌ఫామ్ మీద ఎక్కితే దాదాపు 30 గంటలకు పరుగు మొదలయ్యే చోటే దిగొచ్చు.

దారిలో మెరైన్ డ్రైవ్, బాంద్రా-వర్లీ సీ లింక్ వస్తాయి. అసలు పరీక్ష తిరుగు దారిలో, 35 కిలోమీటర్లు దాటాక వచ్చే పెడ్డర్ రోడ్డు ఎక్కుడు. చదును నేల మీదే సాధన చేసినవారు అక్కడ ఆగిపోతారు. ఖరగ్‌పూర్‌లో కొండలు లేవు గానీ రైలు పట్టాల మీదుగా కట్టిన రోడ్డు వంతెనలున్నాయి. వారానికోసారి, వాహనాలు తక్కువగా ఉన్న వేళ వంతెన ఎక్కి దిగడం ఆరేడుసార్లు చేస్తే చాలు.

ఎన్నాళ్ల సాధన?

ఏడాదిగా పరుగు అలవాటై, వారానికి 25 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా చేస్తున్నవారికి 18 వారాలు కావాలి. ఆ అలవాటు లేనివారు ముందు ఏడాది పాటు దాన్నే సంపాదించుకోవాలి. జనవరి మూడో ఆదివారం నుంచి వెనక్కి లెక్కిస్తే మొదలుపెట్టాల్సింది సెప్టెంబరు మధ్యలో.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వారానికి 25 నుంచి 35 కిలోమీటర్లు సరిపోతాయి. అందులో ఒక పొడవు పరుగు 12తో మొదలై 18కి చేరాలి. ఉక్కపోత ఇంకా తగ్గదు కాబట్టి గడియారం చూడకండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. దుర్గాపూజ ఈ మధ్యలోనే వస్తుంది. ఆ నాలుగైదు రోజులు సాధన కుంటుపడినా నష్టం లేదు, తర్వాత ఒకేసారి పూడ్చుకోవాలని చూడటమే నష్టం.

నవంబరులో గాలి పొడిబారుతుంది. పొడవు పరుగు 20, 22, 24 అంటూ పెరగాలి. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించాలి. డిసెంబరు మొదటి ఆదివారం 28, మూడో ఆదివారం ప్రాంతంలో కోల్‌కతాలో 25, చివరి ఆదివారం 30 కిలోమీటర్లు. కోల్‌కతాను ముంబైలో పరుగెత్తదలచిన వేగంతోనే పరుగెత్తాలి. ఐదు గంటల లక్ష్యం ఉన్నవారికి అక్కడ రెండు గంటల 58 నిమిషాలు పట్టాలి. ఆ వేగానికే 25 దగ్గర ఒళ్లు డస్సిపోతే, లక్ష్యం తప్పని నాలుగు వారాల ముందే తెలిసినట్టు. అక్కడ పోటీకి దిగి శక్తంతా ఖర్చు చేసినవారు చివరి ఆదివారం 30ని మానుకోవాలి. జనవరిలో దూరం తగ్గించడమే సాధన. ఆ రెండు మూడు వారాల్లో కొత్తగా వచ్చే బలం ఉండదు, ఉన్న అలసట తీరడం ఒక్కటే ఉంటుంది.

ఈ 18 వారాల్లో మొత్తం 650 నుంచి 700 కిలోమీటర్లు అవుతాయి. పరుగు బూట్లు మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు మన్నుతాయి. అంటే ఒక సాధనకు ఒక జత. పోటీ రోజు కొత్త జత వేసుకుంటే బొబ్బలు ఖాయం.

చోటు విషయంలో రెండు హెచ్చరికలు. రైల్వే కాలనీ రోడ్లూ మైదానాలూ ఉండగా జాతీయ రహదారి మీద చీకట్లో పరుగెత్తకండి. దారి దగ్గరని పట్టాల పక్కనా వెళ్లకండి. చెవిలో పాటలు పెట్టుకున్నవారికి రైలు వినపడదన్న సంగతి ఈ ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

నైట్ డ్యూటీ చేసేవాళ్లు ఏం చేయాలి?

ఇంటర్నెట్‌లో దొరికే సాధన పట్టికలన్నీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకు వెళ్లే మనిషిని ఊహించుకుని రాసినవి. రైల్వే ఊరికి అవి పనికిరావు. రైల్వేలో ‘రన్నింగ్ స్టాఫ్’ అంటే లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్లు. వాళ్లకు ఆదివారం అనేది గ్యారంటీ లేదు. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేసి వచ్చిన రన్నింగ్ స్టాఫ్‌కు హెడ్‌క్వార్టర్‌లో 16 గంటల రెస్టు ఉండాలని నిబంధన. ఆ రెస్టు దేనికన్నది ఇక్కడ కీలకం. రాత్రంతా బండి నడిపి వచ్చి, నిద్రపోకుండా 24 కిలోమీటర్లు పరుగెత్తి, మూడు గంటలు కునుకు తీసి మళ్లీ డ్యూటీ ఎక్కితే ప్రమాదం ఆ ఒక్కరికే కాదు, వెనక కూర్చున్న వందలమందికి. కీమ్యాన్, పాయింట్స్‌మ్యాన్, స్టేషన్ మాస్టర్ విషయంలోనూ అంతే.

అందువల్ల సాధనను వారాలకు కాకుండా డ్యూటీ చార్టుకు కట్టుకోవాలి. నైట్ డ్యూటీ దిగిన రోజున పరుగు లేదు, నిద్రే సాధన. మర్నాడు 40 నిమిషాల తేలికపాటి పరుగు. పొడవు పరుగు వరుసగా రెండు రాత్రులు ఇంట్లో పడుకున్న తర్వాతే, అదీ తర్వాతి డ్యూటీకి కనీసం ఒక పూర్తి రాత్రి మిగిలి ఉంటేనే. ఏడు రోజుల వారానికి బదులు పది రోజుల చక్రం పెట్టుకుంటే ఈ నియమం కుదురుతుంది. అప్పుడు 18 వారాలు కాస్తా 25, 26 వారాలవుతాయి. ట్రాక్ మీద రోజంతా నడిచే ఉద్యోగులు ఆ నడకను కూడా అలసటలో కలుపుకోవాలి.

ఆడవాళ్లకు ఇంకో చిక్కు. తెల్లవారుజాము నాలుగున్నరకు నీళ్లు పట్టడం, క్యారేజీలు కట్టడం ఎవరి పనో ఆ ఇంట్లో పొడవు పరుగుకు సమయం దొరకదు. డిసెంబరులో ఆరు దాటితే గానీ తెల్లవారదు, చీకట్లో ఒంటరిగా వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోరు, వెళ్లేవారికీ జంకుగానే ఉంటుంది. నలుగురు కలిసి వెళ్లడం, ఆ ఒక్క ఉదయం వంట బాధ్యత ఇంకొకరు తీసుకోవడం అన్న రెండూ ముందే తేల్చుకోకపోతే ఏ పట్టికా నడవదు.

నెలల తరబడి నిద్ర కుదరని చార్టు ఉన్నవారు కోల్‌కతా 25 దగ్గర ఆగడమే మంచిది. అది తక్కువ పరుగు కాదు. హాఫ్ కన్నా దాదాపు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ, పైగా 30 తర్వాత శరీరం పడే యాతన అందులో లేదు.

30 తర్వాత ఏమవుతుంది?

శరీరం కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకునే పిండిపదార్థం మొత్తం సుమారు 2,000 కిలో కేలరీల శక్తి. కిలో బరువుకు కిలోమీటరుకు దాదాపు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి మారథాన్‌కు కావాల్సింది 2,900 పైచిలుకు. కొవ్వు నుంచి కొంత శక్తి అందినా, మొదట్లో వేగంగా వెళ్లినవారికి 30-32 కిలోమీటర్ల దగ్గర నిల్వ అడుగంటుతుంది. కాళ్లు సీసంలా బరువెక్కుతాయి, తల తిరుగుతుంది. రన్నర్లు దీన్నే గోడ అంటారు.

దీనికి విరుగుడు రెండు. మొదటి పది కిలోమీటర్లు కావాలని నెమ్మదిగా వెళ్లడం, ఆకలి వేయకముందే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవడం. మధ్యస్థం అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి. ఖర్జూరాలు, బెల్లంముక్క, దుకాణాల్లో దొరికే జెల్ ఏదైనా సరే, పొడవు పరుగుల్లో అలవాటు చేసుకున్నదే పోటీ రోజూ తినాలి. ముందు రోజుల్లో అన్నం, ఇడ్లీ, మరమరాలు కాస్త ఎక్కువగా తింటే చాలు. చోడి అంబలి మంచిదే గానీ పీచు ఎక్కువ, పోటీ ఉదయం పొట్టను ఇబ్బంది పెట్టవచ్చు.

ప్రాణానికి ముప్పు ఎక్కడ?

అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథాన్లు, హాఫ్ మారథాన్లలో పాల్గొన్న కోటీ తొమ్మిది లక్షల మందిని పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది. గుండె ఆగిన ఘటనలు 59, వాటిలో మరణాలు 42. అంటే 1,84,000 మందికి ఒకటి. ముప్పు చాలా తక్కువే గానీ హాఫ్ కన్నా పూర్తి మారథాన్‌లో అది మూడు నాలుగు రెట్లు ఎక్కువ, బాధితుల్లో ఎక్కువమంది మగవాళ్లు. పరుగును అమెరికాలో ఇంటింటికీ చేర్చిన రచయిత జిమ్ ఫిక్స్ 1984లో 52 ఏళ్ల వయసులో పరుగు తర్వాతే గుండెపోటుతో చనిపోయారు. ఆయన తండ్రి కూడా నలభై మూడేళ్లకే గుండె జబ్బుతో పోయారు. పరుగు ఆ వారసత్వాన్ని చెరిపేయలేదు. నలభై దాటినవారు, బీపీ, షుగర్, పొగ అలవాటు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉన్నవారు సాధన మొదలుపెట్టే ముందే డాక్టరును కలిసి, ఆయన చెప్పిన పరీక్షలు చేయించుకోవాలి. పరుగులో ఛాతీ బిగుసుకున్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఆ రోజుతో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది నీళ్లు. తక్కువ తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు, ఎక్కువ తాగినా ప్రమాదమని చాలామందికి తెలియదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సిన స్థాయి కన్నా తగ్గింది. ప్రతి స్టాల్ దగ్గరా దాహం లేకున్నా తాగుతూ, ఐదారు గంటలు పరుగెత్తే నెమ్మది రన్నర్లకే ఈ ముప్పు ఎక్కువ. దాహం వేసినంతే తాగాలి. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. చెమట, నీటి లోటు ఉన్నప్పుడు నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి కాబట్టి పరుగుకు ముందు అవి వేసుకోవద్దు.

మూడోది వడదెబ్బ. పరుగెత్తే మనిషి తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది అలసట కాదు. వెంటనే పడుకోబెట్టి చల్లటి నీళ్లు, ఐసుతో ఒళ్లంతా చల్లబరచాలి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తరలించడం.

చివరిది జ్వరం. వానాకాలం తర్వాత బెంగాల్‌లో డెంగీ సాధారణం, అది సరిగ్గా సాధన నెలల్లోనే వస్తుంది. జ్వరంతో పరుగెత్తడం గుండె కండరానికి హాని. తగ్గాక కూడా డాక్టరు సరేనన్న తర్వాతే మళ్లీ మొదలుపెట్టాలి. మూడు వారాలకు మించి సాధన పోతే ఆ ఏడాది మారథాన్‌ను వదులుకోవడమే తెలివి.

ఎన్ని రోజుల సెలవు?

పెద్ద పరుగుల పేర్ల నమోదు నెలల ముందే మొదలవుతుంది. కొన్ని పోటీలకు పాత పరుగు టైమ్ సర్టిఫికెట్ అడుగుతారు. రైలు రిజర్వేషన్ మాత్రం 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, పాసు మీద వెళ్లేవారికీ బెర్తు ముందే దొరకబుచ్చుకోవాలి. ఛాతీకి పెట్టుకునే నంబరును ముంబైలో పోటీకి ముందు రోజుల్లోనే స్వయంగా వెళ్లి తీసుకోవాలి, ఆదివారం ఉదయం ఇవ్వరు.

కాబట్టి గురువారం మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో ఎక్కితే శుక్రవారం రాత్రి ముంబై. శనివారం నంబరు, విశ్రాంతి. ఆదివారం చీకటితోనే పరుగు. సోమవారం ఉదయం బయలుదేరే గీతాంజలిలో తిరిగి వస్తే ఇంటికి చేరేది మంగళవారం. పరుగు తర్వాత అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. గంటకోసారి లేచి బోగీలో నడవాలి, పై బెర్తు తీసుకోకూడదు.

మెట్లు దిగడానికి రెండు మూడు రోజులు పిక్కలూ తొడలూ సహకరించవు. ఆ స్థితిలో ఇంజను మెట్లెక్కడం, బల్లాస్ట్ రాళ్ల మీద నడవడం మంచిది కాదు. అందుకే సెలవు చీటీ రాసేటప్పుడు ఆదివారం పరుగు ఒక్కటే లెక్కలోకి తీసుకోకండి. గురువారం నుంచి బుధవారం దాకా ఏడు రోజులు అడగండి. అవి దొరకవని తేలితే, ఆ ఏడాదికి హావ్‌డా లోకల్ ఎక్కి కోల్‌కతా పరుగుకు వెళ్లండి.